రాయని రాజ్యాంగం, విరిగిన బల్లలు: రోమ్ సెనేట్ పెద్దలకు బహిరంగ లేఖ

క్రీ.పూ. 133లో కాపిటల్ కొండ మీద, ఫిదేస్ గుడిలో సమావేశమైన రోమ్ సెనేట్ సభ్యులకు,

అయ్యా,

మీ సభలో లేచి మాట్లాడేవాళ్లు మిమ్మల్ని తండ్రులారా అని పిలిచేవారట. నాకు అంత చనువు లేదు, పెద్దలారా అంటాను. రెండు వేల ఏళ్లు దాటిన సంగతి ఇప్పుడెందుకు తవ్వుతున్నావని మీరు అడగొచ్చు. మీ గణతంత్రం ఎలా పోయిందని ఎవరినడిగినా ఇప్పటికీ ఒక్క పేరే చెబుతారు: జూలియస్ సీజర్. క్రీ.పూ. 49లో సైన్యంతో రూబికాన్ నది దాటాడు, రోమ్ మీదికి వచ్చాడు, అంతటితో కథ ముగిసింది. ఇంకాస్త చదువుకున్నవాళ్లు, అతనికంటే ముందే రోమ్ మీదికి సైన్యంతో వచ్చిన సుల్లాను కూడా తిడతారు. మీ తర్వాతి తరాల్లో మీ కుర్చీల్లో కూర్చున్న సిసిరో అయితే ఇంకా వెనక్కి వెళ్లి, టైబీరియస్ గ్రాకస్ ట్రిబ్యూన్‌గా, అంటే సామాన్యుల రక్షకుడిగా, చేసిన పనులూ, అతని చావూ ఒక్కటిగా ఉన్న జనాన్ని రెండు ముక్కలు చేశాయని రాసిపెట్టాడు. నిందితుల పట్టికలో మీ పేరు మాత్రం ఎప్పుడూ కిందెక్కడో ఉంటుంది. దాన్ని పైకి చేర్చడానికే ఈ ఉత్తరం.

నా అభియోగం ఇది. మీ ప్రభుత్వానికి రాసిన రాజ్యాంగం లేదు. పెద్దల నాటినుంచి వస్తున్న ఆనవాయితీ మీద నడిచింది. ఆ ఆనవాయితీ వల్ల అందరికంటే ఎక్కువ బాగుపడినవాళ్లు మీరు. దాన్ని నెత్తురుతో తెంపినవాళ్లలో మొదటివాళ్లు కూడా మీరే.

అసలు రాతే లేదని అనడం లేదు. క్రీ.పూ. 451-450లో పదిమందిని కూర్చోబెట్టి పన్నెండు ఫలకాల చట్టం రాయించుకున్నారు. సిసిరో చిన్నప్పుడు పిల్లలు దాన్ని పద్యాల్లా వల్లె వేసేవారు. అందులో ఉన్నదేమిటి? అప్పు తీర్చనివాణ్ణి ఏం చేయాలి, పొరుగువాడి చెట్టు మన హద్దులోకి ఒరిగితే ఏమిటి, ఆస్తి ఎవరికి దక్కుతుంది, శవాన్ని ఎక్కడ కాల్చకూడదు. పౌరుడి ప్రాణం తీసే తీర్పు మహాసభలోనే జరగాలన్న లాంటి ఒకటి రెండు మాటలు తప్పిస్తే, ప్రభుత్వాన్ని నడిపే కాన్సుల్ అధికారం ఎంతవరకు, సెనేట్‌లో ఎంతమంది, ఖజానా ఎవరి చేతిలో ఉండాలి అన్న ఊసే లేదు. ఆ తర్వాత ఒక్కొక్క తగువుకూ ఒక్కొక్క చట్టం వచ్చింది. క్రీ.పూ. 367లో కాన్సుల్ పదవుల్లో ఒకటి సామాన్య జనమైన ప్లీబియన్లకు దక్కింది. 287లో ప్లీబియన్ల సభ చేసిన తీర్మానం ఊరందరికీ చట్టమైంది. 180లో పదవులకు కనీస వయసు పెట్టారు. ఇవన్నీ అతుకులే. మొత్తం వస్త్రం ఎలా ఉండాలో ఎవరూ ఎక్కడా రాయలేదు.

అయినా పని నడిచింది. నడిచిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది కూడా. మీ లెక్క ప్రకారం 509లో రాజును తరిమేశారు. రాజు అధికారాన్ని మాత్రం రద్దు చేయలేదు. దాన్ని ఇద్దరికి ఇచ్చారు, ఏడాదికి కుదించారు. ఇద్దరు కాన్సుళ్లకూ పూర్తి అధికారమే. ఒకరు చేస్తానన్నది రెండోవారు వద్దంటే ఆగిపోతుంది. కాన్సుల్ ముందు 12 మంది బంట్రోతులు బెత్తాల కట్టలు భుజాన వేసుకుని నడిచేవారు. ఆ గౌరవం ఒక నెల ఒకరికి, మరుసటి నెల ఇంకొకరికి. నగరం హద్దు లోపలికి వస్తే కట్టల్లోంచి గొడ్డలి తీసేయాలి. ఊళ్లో పౌరుడి తల నరికే హక్కు కాన్సుల్‌కు లేదని చెప్పడానికి వేరే అధికరణం అవసరం పడలేదు. వీధిలో ఆడుకునే పిల్లాడికి కూడా ఆ కట్టల్ని చూస్తే తెలిసేది.

ఆపద ముంచుకొస్తే డిక్టేటర్. కాన్సుల్ రాత్రిపూట అతని పేరు ప్రకటించాలి. గడువు ఆరు నెలలు. ఇద్దరు కాన్సుళ్ల బంట్రోతులంతమంది అతనొక్కడి ముందే నడిచేవారు. అంతటివాడు గుర్రమెక్కాలన్నా అనుమతి తీసుకోవాలి. 458లో సిన్సినాటస్ పదహారో రోజే పదవి దిగి నాగలి దగ్గరికి వెళ్లిపోయాడని మీ చరిత్రకారులు మురిసిపోతూ రాశారు. అందులో కథ ఎంతో నిజం ఎంతో పక్కన పెడదాం. అలా దిగిపోవడమే గొప్ప అని పిల్లలకు నేర్పిన సమాజం మీది.

ట్రిబ్యూన్ల సంగతి ఇంకా విచిత్రం. 494లో అప్పుల బాధ పడలేక ప్లీబియన్లు ఊరు విడిచి పవిత్ర కొండ మీదికి వెళ్లి కూర్చున్నారు. సైన్యంలో పోరాడేది వాళ్లే కాబట్టి మీ పూర్వీకులు దిగిరాక తప్పలేదు. అప్పుడు పుట్టిన పదవి అది. దాని బలం మొదట్లో చట్టంలో లేదు, ప్లీబియన్లు వేసుకున్న ఒట్టులో ఉంది. మా ట్రిబ్యూన్ ఒంటి మీద చెయ్యి వేసినవాడు శాపగ్రస్తుడు, వాణ్ణి ఎవరు చంపినా పాపం అంటదు అని. చట్టాలు తర్వాత తోడయ్యాయి. వాళ్ల సంఖ్య మెల్లగా పదికి చేరింది. ట్రిబ్యూన్ ఇంటి తలుపు రాత్రీ పగలూ తెరిచే ఉండాలి. అతను ఊరు దాటి ఒక రోజంతా గడపకూడదు. ఎందుకంటే అతని అధికారం ముద్రలోనో కాగితంలోనో లేదు, ఒంట్లో ఉంది. కొట్టే బంట్రోతుకూ దెబ్బలు తినబోయే పౌరుడికీ మధ్య తానే వెళ్లి నిలబడాలి. సైన్యం లేదు, బెత్తం లేదు. ఒక మనిషి లేచి వద్దంటే కాన్సుల్ ఆగేవాడు. మీ ఏర్పాటు మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. ముందే కూర్చుని రాసి ఉంటే ఇంత తెగింపుతో ఎవరూ రాసేవారు కాదు.

ఇక మీరు. మొత్తం 300 మంది. మిమ్మల్ని ఎవరూ ఓటేసి సెనేట్‌కు పంపలేదు. పదవులు చేసి దిగినవాళ్లను, పౌరుల లెక్కలు చూసే సెన్సర్లు జాబితాలో రాసుకుంటే సభ్యులయ్యారు. చట్టం చేసే హక్కు మీకు లేదు. మీ తీర్మానం పేరుకు కాన్సుల్‌కు ఇచ్చే సలహా మాత్రమే. అయినా ఖజానాలోంచి కాసు కదలాలంటే మీ మాట కావాలి. ఏ సేనానిని ఎక్కడికి పంపాలో మీరే తేల్చేవారు. పరదేశపు రాయబారులు వచ్చి నిలబడేది మీ ముందే. పిర్రస్ రాజు దూత సినియాస్ మిమ్మల్ని చూసి ఇది రాజుల సభ అన్నాడని చెబుతారు. మీ సభ నడక కూడా అలవాటు మీదే. గుడిలోనో, శకునాలు చూసి ప్రతిష్ఠించిన చోటో కూర్చోవాలి. పొద్దుగూకాక చేసిన తీర్మానం చెల్లదు. జాబితాలో మొదటి పేరున్న పెద్దాయన అభిప్రాయం ముందు అడగాలి. లేచి మాట్లాడేవాణ్ణి మధ్యలో ఆపకూడదు. చివరికి ఎవరి మాట నచ్చితే వాళ్ల వైపు నడిచి వెళ్లి నిలబడాలి, అదే ఓటు.

167లో బందీగా రోమ్‌కు వచ్చిన గ్రీకు పండితుడు పాలిబియస్ ఇదంతా ఏళ్ల తరబడి దగ్గర్నుంచి చూశాడు. కాన్సుళ్లను చూస్తే రాచరికంలా ఉంది, సెనేట్‌ను చూస్తే పెద్దల పాలనలా ఉంది, జనం హక్కులు చూస్తే ప్రజాపాలనలా ఉంది, ఇది ఫలానాదని రోమన్లే తేల్చి చెప్పలేరన్నాడు. మూడూ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి కాబట్టే నిలబడిందన్నాడు. తెలివైనవాడు, సరిగ్గానే చూశాడు. ఒక్కటి మాత్రం ఆయన తక్కువగా పట్టించుకున్నాడని నాకనిపిస్తుంది. కాన్సుల్ వెనక సైన్యం ఉంది. జనం చేతిలో ఓటుంది. మీ వెనక మర్యాద తప్ప ఏమీ లేదు. ఎదుటివాడు గౌరవించినంత కాలమే మీరు సెనేట్. లేకపోతే 300 మంది మాజీ ఉద్యోగులు.

జనం సభల గురించి ఎక్కువ చెప్పను. కాన్సుళ్లను ఎన్నుకునే సభలో మనిషికో ఓటు కాదు, గుంపుకో ఓటు. మొత్తం 193 గుంపులు. గుర్రపు దళంవాళ్లకు 18, మొదటి తరగతి ఆస్తిపరులకు 80. ఈ ఇద్దరూ ఒక్కటైతే 98, గెలవడానికి 97 చాలు. తర్వాత ఆ 80ని 70 చేశారు, గొప్ప త్యాగమే. ఆస్తి లేనివాళ్లందరికీ కలిపి ఒకే గుంపు. వాళ్ల వంతు వచ్చేలోపే లెక్క తేలిపోతే పిలిచేవారు కూడా కాదు. తెగలవారీ సభలో 35 తెగలుంటే, నగరంలో కిక్కిరిసి బతికే జనానికి నాలుగే. ఏర్పాటంతా ఇంత అనుకూలంగా ఉండి కూడా ఓడిపోతామేమోనని హడలిపోయారే, అదే నాకు అంతుబట్టదు.

ఇప్పుడు 133కు వద్దాం.

టైబీరియస్ గ్రాకస్ ఎక్కడినుంచో ఊడిపడినవాడు కాదు. హానిబాల్‌ను ఓడించిన స్కిపియోకు స్వయానా కూతురి కొడుకు. ఆ ఏడాది ట్రిబ్యూన్ అయ్యాడు. ప్రభుత్వ భూమి ఎవరి దగ్గరైనా 500 యుగెరాలకు, అంటే మన లెక్కలో సుమారు 310 ఎకరాలకు మించి ఉంటే, మిగతాది తీసుకుని భూమిలేని పౌరులకు పంచాలని బిల్లు తెచ్చాడు. ఆ హద్దు పాత చట్టంలో ఉన్నదే, ఎవరూ పాటించలేదంతే. పైగా కొడుకులున్నవాళ్లు ఇంకొంత ఉంచుకోవచ్చన్నాడు. ఆ భూముల్లో పాతుకుపోయినవాళ్లు మీలో చాలామంది.

న్యాయంగా చెప్పాలంటే గీత మొదట దాటింది అతనే. జనం ముందు పెట్టే బిల్లును ముందుగా మీ సభకు చూపించడం మర్యాద. అతను చూపించలేదు. (232లో ఫ్లామినియస్ కూడా మిమ్మల్ని కాదని భూపంపిణీ చట్టం చేయించాడు. అప్పుడు ఎవరి ప్రాణమూ పోలేదు.) తోటి ట్రిబ్యూన్ ఒక్టావియస్ వద్దన్నాడు. వద్దంటే ఆగాలి. టైబీరియస్ ఆగలేదు. జనానికి ఎదురు నిలిచే ట్రిబ్యూన్ ట్రిబ్యూనే కాదంటూ అతన్ని దింపేయడానికి ఓటు పెట్టించాడు. 35 తెగల్లో 17 దింపేయమన్నాయి. ఇంకొక్కటి చాలు. అక్కడ టైబీరియస్ ఓటింగ్ ఆపి, అందరి ముందూ ఒక్టావియస్‌ను కౌగిలించుకుని, నా చేత ఈ పని చేయించకు అని బతిమాలాడు. ఒక్టావియస్ కళ్లలో నీళ్లు తిరిగాయని, చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. అతను ఆస్తిపరులు నిలబడ్డ వైపు ఒకసారి చూశాడు. వాళ్ల ముందు చులకన కావడానికి మనసొప్పక, నీ ఇష్టమొచ్చింది చేసుకో అన్నాడు. పద్దెనిమిదో తెగ ఓటుతో ఒక ట్రిబ్యూన్ పదవి మధ్యలో ఊడింది. ఆ రోజు టైబీరియస్ చేసింది చిన్న తప్పని నేను అనను. కానీ ఓటుతో చేశాడు, పట్టపగలు చేశాడు, చేతులు వణుకుతూ చేశాడు.

మీరేం చేశారు? భూమి చట్టం నెగ్గాక, దాన్ని అమలు చేసే సంఘానికి డబ్బు బిగబట్టారు. గుడారం అడిగితే అది కూడా ఇవ్వలేదు. రోజుకు తొమ్మిది ఓబల్స్ చిల్లర మాత్రం బత్తాగా మంజూరు చేశారు. ఖజానా మీ చేతిలో ఉండటమనే ఆనవాయితీతో చట్టాన్ని ఎండబెట్టి చంపొచ్చని లెక్క వేశారు. సరిగ్గా అదే సమయంలో పెర్గమమ్ రాజు అటాలస్ తన రాజ్యాన్ని రోమ్ ప్రజలకు రాసిచ్చి కన్నుమూశాడు. ఆ సొమ్ము జనం సభ ద్వారానే రైతులకు పంచుతానన్నాడు టైబీరియస్. ఖజానా, విదేశాల వ్యవహారాలు మీవేనని ఏ చట్టంలో ఉంది? ఏ చట్టంలోనూ లేదు. మీకు నిజంగా మండింది అక్కడ. అతను వెంటనే రెండోసారి కూడా ట్రిబ్యూన్‌గా నిలబడ్డాడు. అదీ పద్ధతి కాదు, ఒప్పుకుంటాను. పదవి దిగితే ప్రాణం దక్కదని అతని భయం. ఆ భయంలో తప్పు లేదని మీరే తేల్చారు.

ఎన్నిక రోజు కొండ మీద జనం, పక్కనే గుడిలో మీరు. ఆ గుడి ఇచ్చిన మాట తప్పనివ్వని దేవతది. గోలలో మాట వినబడక, తన తలకు ఆపద ఉందని టైబీరియస్ చేత్తో తల తాకి చూపించాడు. కిరీటం అడుగుతున్నాడని మీకు కబురు వచ్చింది. స్కిపియో నాసికా లేచి కాన్సుల్‌ను కదలమన్నాడు. నాసికా టైబీరియస్‌కు పరాయివాడు కాదు, పెద్దమ్మ కొడుకు. వరసకు అన్న. కాన్సుల్ ముకియస్ స్కైవోలా పేరున్న న్యాయకోవిదుడు. నేను బలప్రయోగం మొదలుపెట్టను, విచారణ లేకుండా ఏ పౌరుణ్ణీ చంపను, జనం చట్టానికి విరుద్ధంగా ఏదైనా ఓటేస్తే దాన్ని చెల్లనివ్వను, అన్నాడు. మీ రాజ్యాంగం ఎక్కడ ఉందని అడిగేవాళ్లకు నేను ఆ మూడు మాటలు చూపిస్తాను. ఎక్కడా రాసి లేకపోయినా అదేమిటో ఆయనకు తెలుసు. విన్న మీకూ తెలుసు.

నాసికా మీ ప్రధాన పూజారి. కాన్సులే రాజ్యాన్ని వదిలేశాడు, చట్టాలను కాపాడదలచినవాళ్లు నా వెంట రండి అంటూ టోగా అంచు తలకు కప్పుకుని బయటికి నడిచాడు. మీరు వెంట వెళ్లారు. మిమ్మల్ని చూసి జనం పక్కకు తప్పుకున్నారు. పెద్దలారా, అన్నిటికంటే నాకు మింగుడుపడనిది ఇదే. మిమ్మల్ని ఆపగల బలం ఆ గుంపుకు ఉంది. సెనేటర్లు వస్తున్నారు కదా అని దారి ఇచ్చారు. చంపడానికి వస్తున్నవాళ్ల పట్ల కూడా వాళ్లు ఆనవాయితీ పాటించారు. ఆ తొక్కిసలాటలో విరిగిన బల్లల కాళ్లు, ముక్కలు ఏరుకుని మీరు కొట్టారు. టైబీరియస్ తల మీద మొదటి దెబ్బ వేసింది సాటి ట్రిబ్యూనే అని రాశారు. 300 మందికి పైగా చచ్చారు. ఒక్కరికీ ఇనుము తగల్లేదట, అంతా కర్రలతోనూ రాళ్లతోనూనట. తమ్ముడు శవమైనా ఇవ్వమంటే ఇవ్వలేదు. రాత్రికి రాత్రే టైబర్ నదిలో పారేశారు.

అంత ఆపదే అయితే డిక్టేటర్‌ను పెట్టుకోవచ్చు కదా. ఆ ఆలోచనే ఎవరికీ రాకపోవడం వింతగా ఉందని తర్వాత చరిత్ర రాసిన అప్పియన్ అంటాడు. నాకు వింతేమీ లేదు. డిక్టేటర్‌ను పెడితే పద్ధతి ప్రకారం పోవాలి. మరుసటి ఏడాది మీరు నడిపిన ప్రత్యేక విచారణల్లో టైబీరియస్ మనుషులు కొందరు చచ్చారు, కొందరు దేశం విడిచారు. నాసికా మీద ఊళ్లో కోపం పెరిగేసరికి ఏదో పని పేరు చెప్పి అతన్ని ఆసియాకు పంపేశారు, అక్కడే పోయాడు. స్కైవోలా కూడా తర్వాత నాసికా చేసింది సరైనదేనన్నాడని సిసిరో చెబుతాడు. అంత పెద్ద న్యాయకోవిదుడు అలా అన్నాక చిన్నవాళ్లు ఏమంటారు?

పన్నెండేళ్లకు తమ్ముడు గాయస్ వంతు. పౌరుణ్ణి ప్రజల ఆజ్ఞ లేకుండా చంపకూడదని అతనే చట్టం చేయించాడు. చట్టం అడ్డం వచ్చేసరికి మీకు కొత్త ఉపాయం తట్టింది. 121లో రాజ్యానికి హాని కలగకుండా కాన్సుల్ చూసుకోవాలని తీర్మానం చేశారు. అందులో చంపమని లేదు. ఎవరినని లేదు, ఎంతవరకని లేదు. చూసుకోవాలి, అంతే. కాన్సుల్ ఓపిమియస్ చూసుకున్నాడు. గాయస్ తల తెచ్చినవాడికి దాని బరువుకు సరితూగే బంగారం ఇస్తానన్నాడు. తెచ్చినవాడు మెదడు తీసేసి సీసం పోసి తూకం వేయించుకున్నాడు, 17 పౌన్లకు పైగా తూగింది. మొత్తం 3,000 మంది పోయారని ప్లూటార్క్ లెక్క. ఆ తర్వాత అదే ఓపిమియస్ సామరస్య దేవతకు గుడి కట్టించాడు. ఒక రాత్రి ఎవరో దాని మీద, పిచ్చి వైరం కట్టించిన సామరస్యపు గుడి అని రాసిపోయారు. మీ నగరంలో రాయాల్సింది రాసింది ఆ ఒక్కడే అనిపిస్తుంది. మరుసటి ఏడాది ఓపిమియస్ మీద విచారణ జరిగింది. నిర్దోషి అన్నారు. అంటే మీ సలహా ఉంటే పౌరుణ్ణి విచారణ లేకుండా చంపొచ్చని ఖాయమైంది. కంచే చేను మేసింది, పైగా మేయడం తన పనేనని తీర్పు తెచ్చుకుంది.

మిగతాది మీకు తెలిసిందే కాబట్టి త్వరగా ముగిస్తాను. 100లో ట్రిబ్యూన్ సాటర్నినస్‌ను మీ సభాభవనంలోనే బంధిస్తే, గుంపు పైకెక్కి కప్పు పెంకులు పీకి కొట్టి చంపింది. 88లో కాన్సుల్‌గా ఉన్న సుల్లా సొంత నగరం మీదికే సైన్యాన్ని నడిపించాడు. అతని అధికారుల్లో ఒక్కడు తప్ప అందరూ వదిలి వెళ్లిపోయారు, మామూలు సైనికులు మాత్రం వెంట నడిచారు. అంటే అప్పటికి మర్యాద పెద్ద ఇళ్లలోనే ఇంకా కాస్త మిగిలి ఉందన్నమాట. 202 తర్వాత 120 ఏళ్లు ఎవరూ ముట్టని డిక్టేటర్ పదవిని 82లో సుల్లా గడువు లేకుండా తీసుకున్నాడు. చంపవలసినవాళ్ల పేర్లు పలకల మీద రాయించి ఊళ్లో పెట్టించాడు. మిమ్మల్ని 600 మందిని చేశాడు. ట్రిబ్యూన్ పదవి చేసినవాడు ఇంకే పదవికీ పనికిరాడన్నాడు. ఇదంతా మీ మేలు కోరి చేశాడు. మీరు అతన్ని మీవాడే అనుకున్నారు.

70లో సేనాని పాంపే కాన్సుల్ అయ్యాడు. వయసు 35, నిబంధన ప్రకారం 42 ఉండాలి. అంతకుముందు ఒక్క చిన్న పదవి కూడా చేయలేదు, మీ సభలో ఒక్కరోజు కూర్చోలేదు. ఎన్నికయ్యాక, సభను ఎలా నడపాలో తెలియక పండితుడైన వార్రోను అడిగి చిన్న గైడు పుస్తకం రాయించుకున్నాడు. ఈ సంగతి చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, ఆ వెనకే దిగులూ వేస్తుంది. మీ ఇళ్లలో తండ్రుల్ని చూసి, సభ గుమ్మం దగ్గర నిలబడి విని నేర్చుకోవాల్సింది ఇప్పుడు గైడు చదివి పరీక్ష పాసయ్యే సబ్జెక్టు అయింది.

59లో సీజర్ కాన్సుల్. మాట్లాడేవాణ్ణి ఆపకూడదన్న మర్యాదను మీ సభ్యుడు కేటో ఆయుధం చేసుకుని పొద్దుగూకేదాకా సాగదీయబోతే, సీజర్ అతన్ని జైలుకు తీసుకుపొమ్మన్నాడు. సీజర్‌ది దౌర్జన్యమే. కానీ సభ్యుణ్ణి వినడానికి పెట్టుకున్న నియమంతో సభ నోరు మూయించడం మటుకు ఏం మర్యాద? రెండో కాన్సుల్ బిబులస్ నెత్తిన పేడ తట్ట బోర్లించారు. అతను ఇంట్లో కూర్చుని, ఆకాశంలో శకునాలు చూస్తున్నాను, కాబట్టి మీరు చేసేవేవీ చెల్లవు అని రోజూ కబురు పంపించాడు. జనం ఆ ఏడాదిని జూలియస్, సీజర్ అనే ఇద్దరు కాన్సుళ్ల ఏడాది అని ఎగతాళి చేశారు. 52లో వీధి గుంపుల నాయకుడు క్లోడియస్ హత్య తర్వాత అతని మనుషులు శవాన్ని మీ సభాభవనంలోకి మోసుకొచ్చి, మీ బల్లలూ గుమాస్తాల పుస్తకాలూ చితిగా పేర్చి కాల్చారు. భవనం కూడా కాలిపోయింది. మీ తాతలు ఏరుకున్న బల్లకాళ్లు గుర్తొచ్చాయో లేదో మరి. ఆ వెంటనే మీరు పాంపేను ఒంటరి కాన్సుల్‌ను చేశారు. ప్రతిపాదించింది బిబులస్, బలపరిచింది కేటో. ఇద్దరు ఉండాలి కాబట్టే కాన్సుళ్లు అన్న మాటను, పాత పద్ధతి కోసం ప్రాణమిస్తానన్న మనిషే తుడిచేశాడు. ఇక 45 డిసెంబర్ 31న ఒక కాన్సుల్ హఠాత్తుగా చనిపోతే, మిగిలిన ఆ కొద్ది గంటలకు సీజర్ కానినియస్‌ను కాన్సుల్‌ను చేయించాడు. అతని హయాంలో ఎవరూ భోజనం చేయలేదు, పదవిలో ఉన్నంతకాలం అతను కన్ను మూయనే లేదు అని సిసిరో హాస్యమాడాడు. అప్పటికి మీకు మిగిలింది హాస్యమే.

రాసుకుని ఉంటే ఇదంతా జరిగేది కాదని నేను అనుకోవడం లేదు. మాది రాసుకున్న రాజ్యాంగం. 1949లో ఆమోదించినప్పుడే 395 అధికరణలు, 8 షెడ్యూళ్లు. అయినా అందులో లేని పద్ధతులు మాకూ ఉన్నాయి. సుప్రీంకోర్టులో సీనియర్‌నే ప్రధాన న్యాయమూర్తిని చేయాలన్నది రాత కాదు, ఆనవాయితీ. 1973లో ముగ్గురు సీనియర్లను పక్కన పెట్టి నాలుగోవారిని కూర్చోబెట్టినప్పుడు ఏ అధికరణమూ అడ్డం రాలేదు. రాజ్యాంగ నైతికత పుట్టుకతో వచ్చేది కాదు, అలవరచుకోవాలి అని 1948 నవంబర్‌లో అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చెప్పారు. అందుకే మీ కథ మాకు పరాయిది కాదు. రాయలేదని మిమ్మల్ని తప్పుపట్టను. రాయనిది రాసినదానికంటే గట్టిగా పాటించాల్సినవాళ్లు ఎవరన్నదే నా ప్రశ్న. బలమంతా మర్యాద మీదే ఉన్న సభకు ఆ మర్యాదను తెంపే స్తోమత లేదు. సుల్లాకు ఉంది, సీజర్‌కు ఉంది, వాళ్ల వెనక లీజియన్లనే సేనలున్నాయి. మీకు లేదు.

సీజర్ వారసుడు, మొదటి చక్రవర్తి అగస్టస్‌కు ఈ లెక్క బాగా అర్థమైంది. కొత్త పదవి ఒక్కటీ అడగలేదు. సీజర్ తీసుకున్న డిక్టేటర్ పదవి ఇస్తామన్నా వద్దన్నాడు. క్రీ.పూ. 23లో ట్రిబ్యూన్ అధికారం తీసుకున్నాడు, ట్రిబ్యూన్ కాకుండానే. కాన్సుల్ కాకుండానే సైన్యాల మీద అందరికంటే పెద్ద అధికారం తీసుకున్నాడు. నా తోటి ఉద్యోగుల కంటే నాకు అధికారమేమీ ఎక్కువ లేదు, గౌరవంలో మాత్రం అందరికంటే మిన్న అని చివర్లో తనే రాయించుకున్నాడు. గౌరవంతో పాలించడం మీ విద్య. మీ దగ్గరే నేర్చుకుని మీ మీదే ప్రయోగించాడు. మా తెలుగు నేల మీద వినుకొండ లాంటి చోట్ల మీ చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. చక్రవర్తులు తమ ఏలుబడిని ట్రిబ్యూన్ అధికారం ఇన్నో ఏడు అని నాణేల మీద లెక్కపెట్టుకునేవారు. బంట్రోతు బెత్తానికీ పేదవాడి వీపుకూ మధ్య నిలబడాల్సిన పదవి అలా కరెన్సీ మీది బిరుదైంది.

చివరికి రాశారు లెండి. క్రీ.శ. 69 డిసెంబర్‌లో కొత్త చక్రవర్తి వెస్పేసియన్‌కు మీ సభ అధికారాలన్నీ కట్టబెట్టింది. ఆ చట్టాన్ని కంచు పలక మీద చెక్కారు. దాని చివరి భాగం ఇప్పటికీ ఉంది. మధ్యయుగంలో లాటరన్ చర్చిలో ఉంటే 1347లో రోమ్ ప్రజా నాయకుడు కోలా ది రియెంజో బయటికి తీసి జనానికి చదివి వినిపించాడు. ఇప్పుడు కాపిటల్ కొండ మీది మ్యూజియంలో ఉంది, మీరు బల్లకాళ్లు ఏరుకున్న కొండే. నేను అడిగే రాత అదే: ఎవరికి ఏ అధికారం, ఎంతవరకు అని అంశాలవారీగా ఉంది. చక్రవర్తులు అగస్టస్‌కు, టైబీరియస్‌కు (గ్రాకస్ కాదు, వేరే మనిషి), క్లాడియస్‌కు ఉన్నట్టే ఒప్పందాలు చేసుకోవచ్చు. సెనేట్‌ను పిలవొచ్చు. తను సిఫారసు చేసినవాళ్లకు ఎన్నికల్లో ప్రత్యేక పరిగణన. రాజ్యానికి మేలని తనకు తోచిన ఏ పనైనా చేసే హక్కు. పాత చక్రవర్తులకు వర్తించని చట్టాలు ఇతనికీ వర్తించవు. ఈ చట్టం రాకముందు చేసినవి కూడా చెల్లుతాయి. ఆఖరి నిబంధన ఇంకా బాగుంది. ఈ చట్టాన్ని అనుసరించి ఎవరైనా ఇతర చట్టాలకు గానీ, ప్రజల తీర్మానాలకు గానీ, మీ సెనేట్ తీర్మానాలకు గానీ విరుద్ధంగా నడుచుకుంటే అది నేరం కాదు, దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయకూడదు, ఎవరూ విచారణకు స్వీకరించకూడదు.

ఇట్లు,
ఒక తెలుగు ఓటరు